క్రికెట్ అంపైర్ల మీద ఒత్తిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐపీఎల్ మొదలైతే ఆటగాళ్ల గురించి ఎంత చర్చ జరుగుతుందో, అంపైర్ల గురించీ అంతే జరుగుతుంది. కాకపోతే ఆటగాళ్లను మెచ్చుకొనేవారు, తిట్టేవారు ఇద్దరూ ఉంటారు. అంపైర్ పేరు ఎత్తేది మాత్రం తిట్టడానికే. నేను పన్నెండేళ్లు లీగ్ మ్యాచ్‌లలో అంపైర్‌గా నిలబడ్డాను. మిత్రులు, క్రీడాభిమానులు, ఈ వృత్తిలోకి రావాలనుకొనే యువకులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసిన సమాధానాలు ఇవి.

నిర్ణయం తీసుకోవడానికి అంపైర్‌కు నిజంగా ఎంత సమయం దొరుకుతుంది?

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చేతిని వదిలిన తర్వాత బ్యాటర్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆ అర సెకనంతా బంతినే చూస్తూ ఉండే వీలు కూడా అంపైర్‌కు లేదు. మొదట బౌలర్ ముందరి పాదం ఎక్కడ పడిందో, అందులో కొంచెమైనా వికెట్ ముందు గీసిన గీతకు, అంటే పాపింగ్ క్రీజుకు, వెనుక ఉందో లేదో చూసుకోవాలి. ఆ వెంటనే తల కదపకుండా చూపు మాత్రం పైకెత్తి, అప్పటికే సగం దారి దాటిన బంతిని అందుకోవాలి. బౌలర్ బంతి వేసి ముందుకు దూసుకుపోయేటప్పుడు ఒక్కోసారి అతని భుజమే అడ్డం వస్తుంది.

బంతి ప్యాడ్‌కు తగిలి ఎల్బీడబ్ల్యూ (వికెట్‌ను తాకేలా ఉన్న బంతికి కాలు అడ్డం వచ్చి ఔటవడం) అప్పీల్ వచ్చిందనుకోండి. బంతి లెగ్ స్టంప్ బయట పడిందా, ముందు బ్యాట్‌కు తగిలిందా, ప్యాడ్‌కు తగిలినప్పుడు స్టంప్‌ల వరుసలో ఉందా, ఆఫ్ స్టంప్ బయట తగిలితే బ్యాటర్ షాట్ ఆడే ప్రయత్నం చేశాడా, చివరకు ప్యాడ్ అడ్డు లేకపోతే బంతి 9 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు ఉన్న వికెట్‌ను తాకేదా? ఇన్ని ప్రశ్నలకు ఒక్క చూపుతోనే జవాబు వెతుక్కోవాలి. వీటిలో చివరిది జరిగిన విషయం కాదు, జరిగి ఉండేదేమో అని ఊహించాల్సిన విషయం.

టెస్ట్ మ్యాచ్‌లో రోజుకు 90 ఓవర్లు, అంటే 540 బంతులు. సగం ఓవర్లకు బౌలర్ వైపు, మిగతా సగానికి బ్యాటర్‌కు పక్కగా కొంత దూరంలో, స్క్వేర్ లెగ్‌లో నిలబడాలి. స్క్వేర్ లెగ్‌లో ఉన్నంతసేపు విశ్రాంతి అనుకొనేవారు స్టంపింగ్, రనౌట్, నడుము పైకి వచ్చే ఫుల్‌టాస్‌ల సంగతి మరచిపోతున్నారు.

టీవీలో మాకు స్పష్టంగా కనిపించింది పక్కనే ఉన్న అంపైర్‌కు ఎందుకు కనిపించదు?

మీరు చూసేది వేగం తగ్గించి, దగ్గరకు తెచ్చి, నాలుగైదు వైపుల నుంచి మళ్లీ మళ్లీ చూపించిన దృశ్యం. దానికి తోడు బ్యాట్ అంచు శబ్దాన్ని గీతగా మలిచి చూపించే పరికరం కూడా ఉంటుంది. అంపైర్‌కు ఉన్నవి రెండు కళ్లు, రెండు చెవులు. ఉప్పల్‌లోనో విశాఖలోనో స్టేడియం నిండి, డప్పులు, ఈలలు మోగుతున్నప్పుడు బ్యాట్ లోపలి అంచుకు బంతి రాసుకున్న శబ్దం ఇరవై గజాల దూరంలో వినిపించకపోవచ్చు. బ్యాట్ ప్యాడ్‌కు తగిలిన శబ్దం, బ్యాట్‌కు బంతి తగిలిన శబ్దం ఒకే క్షణంలో వస్తే వాటిని విడదీయడం అనుభవజ్ఞులకే కష్టం. తప్పును తప్పు అనవద్దని నేను చెప్పడం లేదు. ఏ పరిస్థితిలో ఆ తప్పు జరిగిందో తెలుసుకొని అనాలని మాత్రమే కోరుతున్నాను.

ఆటగాళ్లు గట్టిగా అరిస్తే అంపైర్ లొంగిపోతారా?

నిబంధనల ప్రకారం అప్పీల్ లేకుండా అంపైర్ ఔట్ ఇవ్వకూడదు; అందువల్ల అప్పీల్ చేయడం ఆటగాళ్ల హక్కు. అయితే పదకొండు మంది ఒకేసారి చేతులెత్తి మీదికి వస్తే మనిషన్నవాడి గుండె కొంత వేగంగా కొట్టుకోక మానదు. అందుకే అనుభవజ్ఞులు వేలు ఎత్తే ముందు రెండు మూడు క్షణాలు ఊరకే నిలబడతారు. చూసేవారికి అది తటపటాయింపులా కనిపిస్తుంది గానీ, ఆ క్షణాల్లో అరుపును పక్కనపెట్టి తాము చూసిన బంతిని మనసులో మరొకసారి వేసి చూసుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ టాఫెల్ 2004 నుంచి 2008 వరకు వరుసగా ఐదుసార్లు ఐసీసీ ఉత్తమ అంపైర్ పురస్కారం అందుకున్నారు. ఆయన తీరు గమనించినవారికి ఈ నిదానం విలువ తెలుస్తుంది.

సాంకేతికత వచ్చాక ఒత్తిడి తగ్గలేదా?

కొన్ని విషయాల్లో తగ్గింది, కొన్ని విషయాల్లో కొత్త రూపం తీసుకుంది. 1992 నవంబరులో డర్బన్‌లో భారత్, దక్షిణాఫ్రికా టెస్టులో సచిన్ తెందూల్కర్ టీవీ రీప్లే ద్వారా ఔటైన తొలి బ్యాటర్ అయ్యారు. ఆ రనౌట్ నిర్ణయం టీవీ చూసి తీర్పు చెప్పే మూడో అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్‌ది. అదే సిరీస్‌లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన తర్వాతి టెస్టులో జాంటీ రోడ్స్ రనౌట్ అప్పీల్‌పై మైదానంలోని అంపైర్ స్టీవ్ బక్నర్ రీప్లే అడగకుండా తానే నాటౌట్ ఇచ్చారు. రీప్లేలో రోడ్స్ క్రీజుకు దూరంగా ఉన్నట్టు తేలింది. ఆయన 91 పరుగులు చేశారు. నా దృష్టిలో అంపైర్ల జీవితం మారింది ఆ వారమే. అంతకుముందు తప్పు నిర్ణయం అంటే అభిప్రాయభేదం. ఆ తర్వాత ‘అడిగి ఉండాల్సింది కదా’ అనే నింద దానికి తోడైంది. ఈనాడు గజం దూరంలో ఉన్న రనౌట్‌కు కూడా అంపైర్లు చేతులతో టీవీ తెర ఆకారం చూపిస్తున్నారంటే దాని వెనుక ఆ భయం ఉంది.

అంపైర్ నిర్ణయాన్ని టీవీలో మళ్లీ చూడమని జట్టు కోరే నిర్ణయ సమీక్ష పద్ధతిని, మనం డీఆర్ఎస్ అనేదాన్ని, 2008లో భారత జట్టు శ్రీలంక పర్యటనలో ప్రయోగాత్మకంగా వాడారు. 2009 నవంబరులో డునెడిన్ టెస్టుతో అది అధికారికంగా మొదలైంది. భారత్ చాలా కాలం వద్దని, 2016 నవంబరులో రాజ్‌కోట్ టెస్టు నుంచి ఒప్పుకుంది. దీనివల్ల ఘోరమైన తప్పులు మ్యాచ్‌ను మార్చే అవకాశం బాగా తగ్గింది; ఇది నేను మనస్ఫూర్తిగా ఆహ్వానించే విషయం. కానీ తాను ఇచ్చిన నిర్ణయం తప్పని పెద్ద తెర మీద తేలిన తర్వాత, అంతమంది చూస్తుండగా, అదే చేత్తో ముందు చేసిన సంజ్ఞను రద్దు చేసుకోవడం అంపైర్‌కు తప్పదు. ఒకే ఇన్నింగ్స్‌లో ఇలా మూడుసార్లు జరిగితే నాలుగో అప్పీల్‌కు వేలు ఎంత బరువెక్కుతుందో నిలబడినవారికే తెలుసు.

ఇప్పుడు ఆ ఒత్తిడి టీవీ గదిలోకీ చేరింది. 2024 డిసెంబరు 30న మెల్‌బోర్న్ టెస్టులో యశస్వి జైస్వాల్ 84 పరుగుల వద్ద ఉండగా కీపర్ క్యాచ్ అప్పీల్‌కు మైదానంలో నాటౌట్ ఇచ్చారు. ఆస్ట్రేలియా సమీక్ష కోరింది. శబ్దాన్ని చూపే గీతలో కదలిక లేదు. బంతి దిశ మాత్రం మారినట్టు కంటికి కనిపించింది. మూడో అంపైర్, బంగ్లాదేశ్‌కు చెందిన షర్ఫుద్దౌలా, కంటికి కనిపించిన మార్పునే నమ్మి ఔట్ ఇచ్చారు. పరికరాన్ని కాదన్నారని ఒక వర్గం నిలదీసింది. కంటిముందు కనబడుతున్నదాన్ని కాదని నాటౌట్ ఇచ్చి ఉంటే మరో వర్గం నిలదీసేది. నేనైతే ఆయన చేసింది ధైర్యమైన, సరైన పని అనుకుంటున్నాను.

‘అంపైర్స్ కాల్’ అంటే అంపైర్‌ను కాపాడే ఏర్పాటా?

కాదు. ప్యాడ్ అడ్డుపడిన తర్వాత బంతి ఎటు వెళ్లేదో యంత్రం చూపించేది అంచనా మాత్రమే. ఏ అంచనాలోనైనా కొంత తేడా ఉంటుంది. అందువల్ల బంతిలో కనీసం సగం వికెట్‌ను తాకుతుందని తేలితేనే నాటౌట్ నిర్ణయాన్ని మారుస్తారు. అంతకన్నా తక్కువ తాకుతుంటే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది; దీన్నే అంపైర్స్ కాల్ అంటారు. అలాంటప్పుడు సమీక్ష కోరిన జట్టు తన అవకాశాన్ని కోల్పోదు. ఒకే బంతికి ఒకరు ఔట్, ఒకరు నాటౌట్ కావచ్చు కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. కానీ ఆ సన్నని అంచుల దగ్గర యంత్రాన్ని కళ్లు మూసుకొని నమ్మడం అంతకన్నా న్యాయమని నాకు అనిపించదు.

పెద్ద తప్పు జరిగితే అంపైర్‌కు ఏమవుతుంది?

ప్రతి అంతర్జాతీయ మ్యాచ్ తర్వాత నిర్ణయాలన్నిటినీ వీడియోతో పోల్చి లెక్కగడతారు. ఆ లెక్కల మీదే తర్వాతి నియామకాలు, ప్యానెల్‌లో కొనసాగడం ఆధారపడి ఉంటాయి. ఇది గదిలో జరిగే విచారణ. బహిరంగంగా జరిగేది ఇంకా కఠినం.

2008 జనవరిలో భారత్, ఆస్ట్రేలియా ఆడిన సిడ్నీ టెస్టు మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 30 పరుగుల వద్ద ఇశాంత్ శర్మ బంతిని కీపర్ చేతికిచ్చిన ఆండ్రూ సైమండ్స్‌ను బక్నర్ నాటౌట్ అన్నారు. సైమండ్స్ 162 పరుగులతో అజేయంగా నిలిచారు. రెండో ఇన్నింగ్స్‌లో రాహుల్ ద్రవిడ్‌ను బ్యాట్‌కు తగలని బంతికి ఔట్ ఇచ్చారు. ఆ మ్యాచ్ చూస్తూ నేనూ కోపంతో ఊగిపోయాను. భారత బోర్డు అభ్యంతరం తర్వాత పెర్త్ టెస్టు నుంచి బక్నర్‌ను తప్పించి బిల్లీ బౌడెన్‌ను నియమించారు. అప్పటికి బక్నర్ వరుసగా ఐదు ప్రపంచకప్ ఫైనళ్లలో నిలబడిన మనిషి. ఒక జట్టు అభ్యంతరం చెబితే సిరీస్ మధ్యలో అంపైర్‌ను మార్చవచ్చనే సంకేతం ఆనాడు ప్రపంచంలోని అంపైర్లందరికీ వెళ్లింది. నిర్ణయాలు తప్పే, అందులో సందేహం లేదు. కానీ ఆ పద్ధతి మంచిది కాదని కోపం చల్లారాక నాకు అర్థమైంది.

హైదరాబాద్‌కు చెందిన సి. షంషుద్దీన్ అనుభవం మనకు మరింత దగ్గరిది. 2017 జనవరిలో నాగ్‌పూర్‌లో ఇంగ్లాండ్‌తో జరిగిన టీ20లో చివరి ఓవర్‌లో జో రూట్‌ను ఎల్బీడబ్ల్యూగా ఔట్ ఇచ్చారు. బంతి ముందు బ్యాట్ అంచుకు తగిలిందని రీప్లే చూపింది. అప్పట్లో టీ20ల్లో డీఆర్ఎస్ లేదు. భారత్ 5 పరుగులతో గెలవడంతో ఆ ఒక్క నిర్ణయమే మ్యాచ్ ఫలితాన్ని శాసించిందన్నట్టు చర్చ నడిచింది. తర్వాతి మ్యాచ్‌లో ఆయన మైదానంలోకి రాకుండా టీవీ అంపైర్ బాధ్యత తీసుకున్నారు. సమీక్ష ఉండి ఉంటే ఆ తప్పు అర నిమిషంలో సరిదిద్దబడేది, మరుసటి రోజుకు ఎవరికీ గుర్తుండేది కాదు.

తప్పు చేశానని మధ్యలోనే తెలిస్తే మిగతా ఆటంతా ఎలా నిలబడతారు?

నా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఒక లీగ్ మ్యాచ్‌లో పద్దెనిమిదేళ్లు కూడా నిండని కుర్రాణ్ణి ఎల్బీడబ్ల్యూగా ఔట్ ఇచ్చాను. అతడు ఏమీ అనలేదు. నా పక్కనుంచి వెళ్తూ బ్యాట్‌ను కొంచెం తిప్పి లోపలి అంచు చూసుకున్నాడు. అక్కడ బంతి తాలూకు ఎర్రటి మరక తాజాగా ఉంది. అది నేనూ చూశాను. అతణ్ణి వెనక్కి పిలిచే ధైర్యం ఆ క్షణంలో నాకు రాలేదు. నేను మళ్లీ బౌలర్ వైపు నిలబడ్డ ఓవర్‌లో బంతులు లెక్కించడానికి చేతిలో పట్టుకొన్న ఆరు గులకరాళ్లలో ఒకటి మార్చడం మరచిపోయి, ఏడు బంతులు వేయించాను. స్కోరర్ చెయ్యి ఊపుతూ ఉంటే గానీ తెలియలేదు. ఒక తప్పు మరో తప్పును వెంటబెట్టుకొని వస్తుందని ఆరోజు తెలిసింది.

తర్వాత ఒక పెద్దాయన నాకు నేర్పిన పద్ధతి చిన్నదే. తప్పు జరిగిందని అనిపిస్తే ఓవర్ ముగిశాక స్క్వేర్ లెగ్‌కు నడిచేంతసేపే దాని గురించి ఆలోచించాలి. అక్కడ నిలబడ్డాక ఫీల్డర్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, పొరపాటున తప్పు ఔట్ ఇచ్చిన జట్టుకు తర్వాత మొగ్గు చూపి సరిచేయాలనే ఆలోచన రానివ్వకూడదు. అది మొదటి తప్పుకన్నా పెద్దది. ఎందుకంటే మొదటిది కంటి పొరపాటు, రెండోది తెలిసి చేసేది.

నిబంధన ప్రకారమే నడుచుకొంటే ఇబ్బంది ఉండదు కదా?

2006 ఆగస్టు 20న ఓవల్ టెస్టులో అంపైర్లు డారెల్ హెయిర్, బిల్లీ డాక్ట్రోవ్ పాకిస్థాన్ జట్టు బంతి స్వరూపాన్ని మార్చిందని నిర్ధారించి ఇంగ్లాండ్‌కు 5 పరుగులు ఇచ్చారు. నిరసనగా టీ విరామం తర్వాత పాకిస్థాన్ మైదానంలోకి రాలేదు. అంపైర్లు బెయిల్స్ తీసేసి ఇంగ్లాండ్ గెలిచినట్టు ప్రకటించారు. టెస్టు చరిత్రలో ఒక జట్టు మ్యాచ్‌ను ఇలా వదులుకోవడం అదే మొదటిసారి. తర్వాత విచారణలో బంతి మార్చారన్న ఆరోపణ నిలబడలేదు. హెయిర్‌ను కొంతకాలం టెస్టు జట్ల మ్యాచ్‌లకు దూరంగా పెట్టారు. ఆ మ్యాచ్ ఫలితాన్ని 2008లో డ్రాగా మార్చి, 2009లో మళ్లీ ఇంగ్లాండ్ గెలుపుగానే మార్చారు. నిర్ణయం తీసుకున్న అంపైర్‌కు ముప్పై నిమిషాలైనా దొరకలేదు. పాలకులకు రెండున్నరేళ్లు పట్టింది.

నిబంధన గుర్తున్నా దానికి కావలసిన దృశ్యం కంటికి చిక్కకపోవడం మరో సమస్య. 2019 జులై 14న లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్‌లో బ్యాటర్లు రెండో పరుగు తీస్తుండగా ఫీల్డర్ మార్టిన్ గప్తిల్ విసిరిన బంతి బెన్ స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీ దాటింది. అంపైర్లు కుమార్ ధర్మసేన, మరైస్ ఎరాస్మస్ మాట్లాడుకొని బౌండరీ నాలుగు, పరుగెత్తినవి రెండు కలిపి 6 పరుగులు ఇచ్చారు. నిబంధన ప్రకారం ఫీల్డర్ బంతి విసిరిన క్షణానికి బ్యాటర్లు ఒకరినొకరు దాటి ఉంటేనే ఆ రెండో పరుగు లెక్కలోకి వస్తుంది. వారు దాటలేదు, కాబట్టి 5 పరుగులే రావాలి. బౌండరీ దగ్గర ఫీల్డర్ చెయ్యిని, పిచ్ మధ్యలో ఇద్దరు బ్యాటర్లను ఒకే క్షణంలో చూడటం సాధ్యమయ్యే పని కాదు. తర్వాత ధర్మసేన తప్పు ఒప్పుకున్నారు, అయితే అప్పుడు తీసుకున్న నిర్ణయానికి పశ్చాత్తాపపడనని కూడా అన్నారు. ఆ మాట చాలామందికి కోపం తెప్పించింది. నాకు మాత్రం నిజాయితీగా అనిపించింది.

అంపైర్‌తో గొడవపడితే ఆటగాళ్లకు శిక్ష ఉంటుందా?

ఉంటుంది. మ్యాచ్ ఫీజులో కోత, డీమెరిట్ పాయింట్లు (క్రమశిక్షణ తప్పితే ఆటగాడి పేరు మీద పడే చెడ్డ మార్కులు), 24 నెలల్లో నాలుగు పాయింట్లు చేరితే నిషేధం. 2023 జులైలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో వన్డేలో హర్మన్‌ప్రీత్ కౌర్ బ్యాట్‌తో స్టంప్‌లను కొట్టి, బహుమతి ప్రదాన సమయంలో అంపైరింగ్‌ను విమర్శించినందుకు 75 శాతం ఫీజు కోల్పోయారు, రెండు మ్యాచ్‌లకు దూరమయ్యారు. 2019 ఏప్రిల్‌లో జైపూర్‌లో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో నోబాల్ విషయమై మహేంద్రసింగ్ ధోనీ డగౌట్ నుంచి మైదానంలోకే వచ్చి అంపైర్లతో వాదించారు. 50 శాతం ఫీజు కోతతో సరిపెట్టారు. అది చాలా తక్కువ శిక్ష అని నా అభిప్రాయం. ధోనీ అంతటివారు చేసినది రేపు మన గల్లీ మైదానాల్లో పిల్లలు చేస్తారు, అక్కడ అంపైర్‌ను కాపాడటానికి, ఇలాంటి శిక్షలు వేసే మ్యాచ్ రిఫరీ ఉండరు.

సొంత దేశానికి పక్షపాతం చూపుతారన్న అనుమానం ఎలా తొలగింది?

దీనిలో మన హైదరాబాదీ పాత్ర ఉంది. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్థాన్, వెస్టిండీస్ టెస్టుకు ఇమ్రాన్ ఖాన్ పట్టుదల వల్ల తటస్థ అంపైర్లను, అంటే ఆడే రెండు దేశాలకూ చెందనివారిని, పిలిచారు. వెళ్లిన ఇద్దరూ భారతీయులు: పీలూ రిపోర్టర్, హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. పాకిస్థాన్ గడ్డ మీద భారతీయ అంపైర్లను నమ్మి నిలబెట్టారంటే ఆ ఇద్దరి పేరు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 1994 నుంచి ప్రతి టెస్టుకు ఒక తటస్థ అంపైర్, 2002లో ఐసీసీ అగ్రశ్రేణి అంపైర్ల బృందం, ఎలైట్ ప్యానెల్, ఏర్పడ్డాక ఇద్దరూ తటస్థులే అనే పద్ధతి వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణాలు ఆగినప్పుడు స్థానిక అంపైర్లనే నియమించారు. ఆ సంవత్సరమే ఎలైట్ ప్యానెల్‌లో చేరిన భారత అంపైర్ నితిన్ మేనన్, 2021లో ఇంగ్లాండ్‌తో భారత్‌లో జరిగిన సిరీస్‌లో ప్రశంసలు అందుకున్నారు.

సామాజిక మాధ్యమాల ప్రభావం ఎంత?

ఇంగ్లాండ్ అంపైర్ రిచర్డ్ కెటిల్‌బరో ఉదాహరణ చాలు. 2014 టీ20 ప్రపంచకప్ ఫైనల్, 2015, 2019 ప్రపంచకప్ సెమీఫైనళ్లు, 2016 టీ20 సెమీఫైనల్, 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, 2023 ప్రపంచకప్ ఫైనల్ అన్నిటిలో భారత్ ఓడింది, అన్నిటిలో ఆయన అంపైర్. అంతే, ఆయన ‘అపశకునం’ అయిపోయారు. ఆ మ్యాచ్‌లలో ఆయన ఏదో తప్పు చేశారని ఎవరూ చూపించలేదు. పెద్ద మ్యాచ్‌లు దొరకడమే ఆయన ప్రతిభకు రుజువు, దాన్నే నిందకు ఆధారం చేసుకున్నాం. సరదా అంటారు. ఒక మనిషి ముఖాన్ని లక్షలమంది అశుభమని పంచుకోవడం సరదా ఎలా అవుతుందో నాకు తెలియదు.

శారీరకమైన ప్రమాదం కూడా ఉంటుందా?

ఉంటుంది. 2020 మార్చిలో రాజ్‌కోట్‌లో జరిగిన రంజీ ఫైనల్ మొదటి రోజే ఫీల్డర్ విసిరిన బంతి తగిలి షంషుద్దీన్ మ్యాచ్‌కు దూరమయ్యారు. రెండో రోజు కొంతసేపు మరో అంపైర్ అనంతపద్మనాభన్ ఒక్కరే రెండు వైపులా బౌలర్ ఎండ్‌లో నిలబడాల్సి వచ్చింది. బ్యాట్లు బరువెక్కి, నేరుగా కొట్టే షాట్లు పెరగడంతో ఆస్ట్రేలియా అంపైర్ బ్రూస్ ఆక్సెన్‌ఫర్డ్ ముంజేతికి కవచం కట్టుకొని నిలబడేవారు.

2009 మార్చి 3న లాహోర్‌లో శ్రీలంక జట్టు మీద దాడి జరిగినప్పుడు వెనుక వస్తున్న అంపైర్ల వ్యాను మీద కూడా కాల్పులు జరిగాయి. డ్రైవర్ మరణించారు. రిజర్వ్ అంపైర్ అహసన్ రజాకు తూటాలు తగిలి ప్రాణం మీదికి వచ్చింది. ఆయన కోలుకొని మళ్లీ తెల్ల కోటు వేసుకున్నారు, 2023లో ఎలైట్ ప్యానెల్‌లో చేరారు.

మన తెలుగువారు ఈ వృత్తిలోకి ఎలా రావచ్చు?

రాజమహేంద్రవరంలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019 మేలో ఐసీసీ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ. అదే ఏడాది డిసెంబరులో షార్జాలో యూఏఈ, అమెరికా మ్యాచ్‌తో పురుషుల వన్డేకు రిఫరీగా వ్యవహరించిన తొలి మహిళ కూడా అయ్యారు. కాబట్టి దారి ఉంది, మహిళలకూ ఉంది.

మొదటి మెట్టు రాష్ట్ర క్రికెట్ సంఘం నిర్వహించే పరీక్ష, ఆ తర్వాత బీసీసీఐ పరీక్ష. రెండోది తేలిక కాదు. 2022లో అహ్మదాబాద్‌లో జరిగిన పరీక్షకు 140 మంది హాజరైతే ముగ్గురే ఉత్తీర్ణులయ్యారు. అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: పెవిలియన్ నీడో, చెట్టు నీడో, ఫీల్డర్ నీడో పిచ్ మీద పడుతోందని బ్యాటర్ ఫిర్యాదు చేస్తే ఏం చేస్తారు? పెవిలియన్, చెట్టు నీడలను పట్టించుకోనక్కర్లేదు. ఫీల్డర్ మాత్రం కదలకుండా ఉండాలి, కదిలితే డెడ్ బాల్, అంటే ఆ బంతి లెక్కలోకి రాదని, ప్రకటించాలి. మరొకటి, గాయమైన చూపుడు వేలికి కట్టు కట్టుకొని బౌలర్ వస్తే దాన్ని తీయమంటారా? తీయమనాలి. పుస్తకం చదివితే సరిపోదు, ఎండలో నిలబడి ఉన్నప్పుడు ఇది ఠక్కున గుర్తురావాలి.

నా దగ్గరకు వచ్చే యువకులకు మొదటి ఏడాది స్కూలు మ్యాచ్‌లలోనే నిలబడమని చెబుతాను. నెట్స్‌లో బౌలర్ల వెనుక నిలబడి పాదం చూసి బంతిని అందుకోవడం రోజుకు వంద బంతులకైనా సాధన చేయండి. స్కోరు పుస్తకం రాయడం నేర్చుకోండి. మ్యాచ్ ముగిసిన రోజు సాయంత్రమే, సందేహం మిగిలిన ప్రతి నిర్ణయాన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి: ఏ ఓవర్, బంతి ఎక్కడ పడింది, మీరు ఏం చూశారు, ఏం చూడలేకపోయారు.